పదిహేడు లోపాల యంత్రం

పాడైన వస్తువును బాగుచేయడం నేరమని మా రేవు పట్నంలో అందరికంటే ముందు తెలుసుకున్నవాడు కింతాడ జోగారావు. అంతవరకు ఆయనకు తెలిసిన నేరాలు రెండే. చెమట చేత్తో కాంటాక్టును, అంటే కరెంటు కలిపే రేకును, తాకడం ఒకటి. లోపాల కార్డు రాయకుండా పనిలోకి దిగడం రెండోది.

ఆయన ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్కు. కంప్యూటర్లు రాకముందరి ఎక్స్ఛేంజి అది. ఎవరో తమ ఇంట్లో కూర్చుని అంకె తిప్పితే, గది నిండా బారులు తీరిన ఇనుప రిలేలు టకటకమని ఒకదాని వెంట ఒకటి మేలుకుని, ఊరికి ఆ చివర ఇంకెవరి ఇంట్లోనో గంట మోగించేవి. వేయి రిలేల చప్పుడులో ఒక్క రిలే తడబడినా జోగారావు చెవి దాన్ని పట్టుకునేది. ఆ ఎక్స్ఛేంజిలో ఒక కట్టుబాటు ఉండేది. ఏ యంత్రం పాడైనా, దాన్ని ముట్టుకునే ముందు అందులోని లోపాలన్నీ ఒక అట్టముక్క మీద వరుస సంఖ్యలతో రాసి దానికే కట్టాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఒకటి దాచకూడదు, ఒకటి పెంచకూడదు. రాసిన తర్వాతే స్క్రూడ్రైవరు చేతబట్టాలి. ఉద్యోగం ముగిసింది గాని ఆ అలవాటు ముగియలేదు. ఇంట్లో మిక్సీ ఆగితే మిక్సీకి, ఫ్యాను మూలిగితే ఫ్యానుకు కార్డు వేలాడేది.

"నాకు జొరమొస్తే నా మెళ్లో కూడా కట్టీగలరు," అనేది ఆయన భార్య వరహాలమ్మ.

"కడతాను. ఒకటో నంబరు లోపం, నోరు ఆగదు," అనేవాడాయన.

రేవు పక్కనున్న నావికుల క్లబ్బు మూతపడి, సామానంతా తుక్కుకు పోతున్న రోజున జోగారావు ఒక పిన్‌బాల్ యంత్రాన్ని తోపుడు బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. నాలుగు కాళ్ల మీద వాలుగా నిలబడిన అద్దాల బల్ల అది. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు బంతి పైకి దూసుకుపోయి, దీపాలు వెలిగే గొడుగులను కొట్టుకుంటూ, గంటలు మోగిస్తూ కిందికి జారుతుంది. అడుగున రెండు రెక్కలుంటాయి. పెట్టెకు రెండు పక్కలా ఉన్న బొత్తాలు నొక్కితే ఆ రెక్కలు లేచి, పడబోయే బంతిని మళ్లీ పైకి కొడతాయి. రెక్కల నడుమ నుంచి జారిందా, ఆ బంతి పోయినట్టే. ఆటకు ఐదు బంతులు. ఎదురుగా నిలువు అద్దం మీద నీలి సముద్రం, తెల్ల ఓడ, గాలికి టోపీ ఎగిరిపోయిన నావికుడు. జోగారావు మూత ఎత్తి లోపలికి చూశాడు. అవే రిలేలు, అవే కాయిళ్లు, అవే రాగి తీగలు. తన ఎక్స్ఛేంజినే ఎవరో మడతపెట్టి ఆ పెట్టెలో సర్దినట్టుంది.

అయితే యంత్రాన్ని తెచ్చింది తన కోసం కాదు. వరహాలమ్మ తండ్రి ఆ క్లబ్బులో వంటవాడు. వంటింటి కిటికీలోంచి చూస్తే సరిగ్గా ఈ యంత్రమే కనిపించేది. ఎనిమిదో ఏట మొదలుపెట్టి పెళ్లి కుదిరేదాకా ఆమె ఆ కిటికీ దగ్గరే ఉల్లిపాయలు తరిగింది. ఏ దెబ్బకు బంతి ఎటు పోతుందో, ఏ దేశపు నావికుడు ఎక్కడ తొందరపడతాడో ఆమెకు తెలుసు. ఆడపిల్ల ఆ గదిలో అడుగు పెట్టరాదు కనుక బొత్తాం వేలికి ఎలా తగులుతుందో మాత్రం తెలియదు. ఇప్పుడామెకు అరవై రెండు. కీళ్లవాతం చేతివేళ్లలోకి దిగింది. కుడిచేతిలో రెండు, ఎడమచేతిలో మూడు వేళ్లు అప్పటికే ముడుచుకుని తెరుచుకోవడం మానేశాయి. మిగతావి కూడా నెలల్లో అదే దారి పడతాయని, పనిచేసే వేళ్లతో చేయాలనుకున్నవి తొందరగా చేసుకోమని డాక్టరు చెప్పాడు.

"ఈ ఆటకి చేతికో వేలు చాలండి," అంది వరహాలమ్మ. "ఆ రెండు వేళ్లూ ఉండగా ఒక్క ఆట ఆడతాను. ఐదు బంతులు. అంతే."

"శ్రావణం దాటకుండా ఆడిస్తాను ఒలే," అన్నాడు జోగారావు. అప్పటికి వైశాఖం.

కార్డు రాశాడు. పదిహేడు లోపాలు తేలాయి. ఒకటి, ఎడమ రెక్క లేవదు. నాలుగు, మూడో గొడుగు వెలగదు. తొమ్మిది, ఎవరూ తాకకుండానే గంట మోగుతుంది. పదకొండు, వందల అంకె ఏడు దగ్గర ఆగిపోతుంది. పదిహేడు, బంతి పై మూలలో ఇరుక్కుని దిగదు. రాసి, కట్టి, పని మొదలుపెట్టాడు. మొదటి వారంలో మూడో లోపం, పన్నెండో లోపం తీరిపోయాయి. ఎడమ రెక్కను లేపే కాయిలు కాలిపోయి ఉంటే, కొత్త తీగ తెచ్చి చేత్తో తొమ్మిది వందల చుట్లు చుట్టి పక్కన పెట్టాడు. బిగించడమే తరువాయి.

సరిగ్గా ఆ వారమే ప్రభుత్వానికి పాతదనం మీద ప్రేమ పుట్టింది.

యథాస్థితి పరిరక్షణ సంచాలనాలయం అనే కార్యాలయం మా పట్నంలో నాలుగంతస్తుల పాత భవనంలో వెలిసింది. దాని సిద్ధాంతం చాలా సులువు. నలభై ఏళ్లు దాటిన యంత్రమల్లా వారసత్వ సంపద. వారసత్వమంటే కాలం మనకు అప్పగించినది. కాలం దేన్ని ఏ స్థితిలో అప్పగించిందో అదే దాని నిజస్థితి. నిజస్థితిని మార్చడం చరిత్రను దిద్దడం. చరిత్రను దిద్దడం నేరం. ఇందులో ఏ మెట్టు దగ్గరా తప్పు పట్టడానికి వీల్లేదు. ప్రయత్నించిన మా వీధి ప్లీడరుగారు రెండు రోజుల్లో తానే ఆ సిద్ధాంతానికి అభిమాని అయిపోయారు.

పాత యంత్రాల యజమానులు తమ వివరాలు పంపినచో తగు సహకారము అందజేయబడునని పత్రికలో ప్రకటన వచ్చింది. సహకారమంటే దొరకని బల్బులు రెండు తెప్పించి ఇస్తారు కాబోలని జోగారావు నమ్మి, అవి వచ్చేదాకా పని ఆపాడు. దరఖాస్తులో 'ప్రస్తుత స్థితి' అన్న గడి చిన్నదిగా ఉండటంతో, తన కార్డుకు నకలు తీసి జతచేశాడు. తక్కిన దరఖాస్తుదారులందరూ ఆ గడిలో 'బాగానే ఉన్నది' అని రాశారు. జోగారావు ఒక్కడే ఉన్నది ఉన్నట్టు రాశాడు.

జ్యేష్ఠంలో ఒక ఉదయం ఉప సంచాలకులు డాక్టర్ నడిమింటి శేషశయనం గారు జీపు దిగారు. వెనకే ఫైలు పట్టుకుని సూపరింటెండెంటు గొర్లె త్రిమూర్తులు. శేషశయనం గారు యంత్రం వైపు చూడలేదు. దానికి కట్టిన అట్టముక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇది తమ స్వహస్త రచనయేనా?"

"అవునండి. ముట్టుకోకముందు రాయాల. మా ఎక్స్ఛేంజి పద్ధతి."

"ఎడమ రెక్క లేవదు," అని ఆయన పైకి చదివి కళ్లు మూసుకున్నారు. "మూడు పదాలలో ఎంతటి చారిత్రక వేదన! త్రిమూర్తులు గారూ, గమనించితిరా?"

"గమనించానండి."

"లేస్తాదండి," అన్నాడు జోగారావు ఉత్సాహంగా. "కాయిలు చుట్టీసినాను. బిగిస్తే గంట పని."

శేషశయనం గారు కళ్లు తెరిచారు. ఆ చూపులో కోపం లేదు. నిప్పుపుల్ల గీస్తున్న మనిషిని గడ్డివాములో చూసినప్పటి తొట్రుపాటు ఉంది.

"తాకకండి. ఈ క్షణము నుండి ఈ పదిహేడు లోపములు రాష్ట్ర ప్రభుత్వ సంరక్షణలో నున్నవి."

వరహాలమ్మ వంటగది గుమ్మంలోంచి అడిగింది. "మరి మిషను మాదేనా బాబూ?"

"యంత్రము మీదేనమ్మా. లోపములు మాత్రమే మావి."

"అలాగయితే మీవి మీరు తీసుకెళిపోండి. మిగిల్నది మేం ఆడుకుంతాం."

త్రిమూర్తులు ఫైలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. శేషశయనం గారు మాత్రం ఆ ప్రతిపాదనను కొంతసేపు నిజంగానే ఆలోచించి, రవాణాలో లోపాలు దెబ్బతినే ప్రమాదం ఉందని తోసిపుచ్చారు.

జోగారావుకు దాచడం తెలియదు. "మూడూ, పన్నెండూ పోయిన నెల్లోనే బాగుచేసీసినానండి," అన్నాడు.

త్రిమూర్తులు కలం తీశాడు. ఏడు రోజుల్లోగా మూడవ, పన్నెండవ లోపములను పూర్వస్థితికి తేవలెనని అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది.

ఏడు రోజులూ జోగారావు మూత ఎత్తి కూర్చున్నాడు. చెడగొట్టడానికి కాంటాక్టును వంచబోయేవాడు. వంచే ముందు, ముప్పై నాలుగేళ్ల అలవాటున, దాన్ని తుడిచేవాడు. తుడిచిన కాంటాక్టు మునుపటికంటే చక్కగా పలికేది. "నా వల్ల కాదండి, సెయ్యి వినట్లేదు," అని అర్జీ పెట్టుకున్నాడు. సంచాలనాలయం కరుణించి ఆయనను లోప పునరుద్ధరణ శిక్షణ శిబిరానికి పంపింది. రెండు రోజులు ఉపన్యాసాలు విన్నాడు. ఫలితం లేకపోవడంతో చివరికి శిక్షకుడే ఇంటికి వచ్చాడు. జన్మలో స్క్రూడ్రైవరు పట్టని మనిషి ఆయన. ఒక్కసారి చెయ్యి పెట్టాడు. పోయిన రెండు లోపాలూ తిరిగి వచ్చాయి. వాటితోపాటు పద్దెనిమిదోది కూడా వచ్చింది. అది జాబితాలో లేదు కనుక అనధికార లోపమని నమోదు చేసి, దాన్ని తొలగించాలా, క్రమబద్ధం చేయాలా అన్నది పరిశీలనలో ఉంచారు.

ఆషాఢంలో వానలు పట్టాయి. చెమ్మకు యంత్రం లోపలి చెక్క ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని ఉన్న రెండు కాంటాక్టులు విడిపోయాయి. ఎవరూ తాకకుండా మోగే గంట మోగడం మానేసింది. నెలవారీ తనిఖీకి వచ్చిన త్రిమూర్తులు అరగంట చెవి ఒగ్గి కూర్చుని, విచారంగా లేచి వెళ్లాడు. మూడో రోజున తాఖీదు వచ్చింది.

"విషయము: తొమ్మిదవ లోపము అదృశ్యమగుట గూర్చి. తమ గృహమందలి తొమ్మిదవ లోపము కనిపించుట లేదని మా తనిఖీలో వెల్లడియైనది. దానిని తమరు బాగుచేసితిరా, లేక అది తనంత తాను బాగుపడినదా? మొదటిదైన యెడల తమరు శిక్షార్హులు. రెండవదైన యెడల, దానిని అట్లు బాగుపడనిచ్చినందులకు సంజాయిషీ ఇచ్చుకొనవలసినది."

వాన వల్ల జరిగిందని జోగారావు జవాబు రాశాడు. వాన విషయమై సంబంధిత శాఖను వివరణ కోరడమైనదని ప్రత్యుత్తరం వచ్చింది. ఈలోగా యంత్రం పక్కన ఒక హీటరు, దాని పక్కన లోప సంరక్షకుడనే హోదాతో ఒక కాపలాదారు వెలిశారు. పదకొండో రోజున ఎవరూ తాకకుండా గంట మోగింది. సంచాలనాలయంలో లడ్లు పంచారు.

శ్రావణం వచ్చింది, వెళ్లింది. వరహాలమ్మ రోజూ పొద్దున్నే గుడ్డ తెచ్చి యంత్రం అద్దం తుడిచేది. అద్దం తుడవడానికి అనుమతి ఉంది. అడుగున పేరుకున్న దుమ్మును మాత్రం తాకరాదు. గుడ్డ పట్టుకునే తీరు నెలనెలా మారుతూ వచ్చింది. మొదట వేళ్లతో, తర్వాత అరచేత్తో, ఆ తర్వాత మణికట్టుతో నొక్కి తుడిచేది. జోగారావు అది చూసి చూడనట్టు వీధివైపు తిరిగేవాడు.

"ఎన్ని పనిచేస్తన్నాయి?" అని అడిగేవాడు చివరికి.

"కుడిపక్క రెండు, ఎడంపక్క ఒకటి. మీ డిపార్ట్‌మెంటోళ్లకి చెప్పీయండి, నా సేతిలో లోపాలు బాగా కాపాడుకుంటన్నానని."

ఆయన మరో అర్జీ రాశాడు. తన భార్య ఒకే ఒక ఆట ఆడేందుకు అనుమతి కోరాడు. డాక్టరు చీటీ జతచేశాడు. జవాబు నెలకు వచ్చింది. ఎడమ రెక్క లేవదు కనుక ఆట సాధ్యము కాదు. ఎడమ రెక్క సంరక్షిత లోపము కనుక లేపుట సాధ్యము కాదు. లేవని రెక్కతోనే ఆడుదుమన్నచో, వాడుక వలన లోపములు అరిగిపోవును. ఇక జతపరచిన వైద్య పత్రమునందలి చేతివేళ్ల స్థితి ఈ సంచాలనాలయ పరిధిలోనికి రాదు.

ఆ కాగితాన్ని జోగారావు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో యంత్రానికి పేరు వచ్చింది. బడిపిల్లలను బారులుగా తెచ్చి చూపించసాగారు. త్రిమూర్తులు బెత్తం పట్టుకుని వివరించేవాడు. "బాబూ, ఇది లేవని రెక్క. అది వెలగని దీపం. ఇప్పుడు బంతి ఇరుక్కుంటాది, జాగ్రత్తగా చూడండి." బంతి ఇరుక్కునేది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఒక్క పిల్ల మాత్రం, "మరి పనిచేస్తే ఎలా ఉంటాదండి?" అని అడిగింది. ఆ బడికి హెచ్చరిక వెళ్లింది.

ఊరంతటికీ ఈ విద్య అబ్బింది. ఏ శాఖకు ఆ శాఖ తమ లోపాల జాబితాలు రాసుకుని సంచాలనాలయానికి పంపడం మొదలుపెట్టింది. నాలుగూ పదికి ఆగిన గడియారం, పైకెత్తిన చేయి దించలేని రేవు క్రేను, తోస్తే తప్ప కదలని బస్సులు ఒక్కొక్కటే సంరక్షిత జాబితాలోకి ఎక్కాయి. మా వీధి కుళాయికి నీళ్లు రాక పదకొండేళ్లు; కుళాయి వయసు నలభై ఐదు. దానికి చుట్టూ ఇనుప కంచె వేసి ఫలకం తగిలించారు. ఒక మధ్యాహ్నం ఎవరి పొరపాటు వల్లనో అందులోంచి బిందెడు నీళ్లు వచ్చాయి. అరగంటలో అధికారులు వచ్చి ఆపి, చుట్టుపక్కల ఇళ్లలో వాంగ్మూలాలు తీసుకున్నారు. ఫిర్యాదుల విభాగానికి పని లేకుండా పోయింది. ఏది పాడైందని ఎవరు చెప్పినా, "ఎంత వయసు?" అని మాత్రమే అడిగేవారు. వయసు చాలితే అభినందించేవారు. చాలకపోతే, చాలేదాకా ఓపిక పట్టమనేవారు. ఉత్తమ పరిపాలనకు మా పట్నానికి బహుమతి వచ్చింది.

ఆ బహుమతి వచ్చిన వారంలోనే, కార్తికంలో, ఒక బుధవారం పదకొండు గంటలకు డాక్టర్ శేషశయనం గారు తమ కార్యాలయంలో లిఫ్టు ఎక్కారు.

ఆ లిఫ్టు భవనమంత పాతది, రిలేలతో నడిచేది. రెండవ, మూడవ అంతస్తుల నడుమ అప్పుడప్పుడు ఆగిపోవడం దాని లోపం. ఆ లోపాన్ని సంరక్షిత జాబితాలో చేర్చి సంతకం పెట్టినది శేషశయనం గారే. మామూలుగా ఆగినా పది నిమిషాల్లో కదిలేది. ఆ రోజు కదలలేదు. తలుపు పైభాగంలో ఒక వేలి మందం సందు మాత్రం మిగిలింది. కబురందుకుని లిఫ్టు మెకానిక్కు వచ్చాడు. సందులోంచి ఉప సంచాలకుల గొంతు వినిపించింది.

"తాకవద్దు! నియమము నా నుండియే మొదలు కావలెను."

సిబ్బంది చలించిపోయారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ సందులోంచే ఫైళ్లు వెళ్లాయి, సంతకాలై వచ్చాయి. మధ్యాహ్నం క్యాంటీను నుంచి ఇడ్లీ తెచ్చారు, పట్టలేదు. దోసె పట్టింది. రెండు దోసెల తర్వాత నియమం కొంత మెత్తబడింది.

"త్రిమూర్తులు గారూ."

"అయ్యా."

"అత్యవసర పరిస్థితులలో, నా విచక్షణాధికారమును వినియోగించి, ఈ యంత్రమును బాగుచేయుటకు అనుమతించుచున్నాను. కాగితము పంపండి."

త్రిమూర్తులు కాగితం పంపలేదు. తలుపుకు దగ్గరగా జరిగి, గొంతు తగ్గించాడు. "చిక్కుంది సార్. లీగలు సెక్షను ఒప్పుకోట్లేదు. సంరక్షిత యంత్రం బాగుచేసినట్టు ఇదివరకెప్పుడూ దాఖలా లేదంతన్నారు. మొట్టమొదటి అనుమతి సంతకం పెట్టినాయనకే లాభించకూడదంట. మీరు లోపలున్నారు కదండీ."

"అయినచో?"

"ముందు ఇంకో మిషను బాగుచేసి చూపించాల. రిలేల మిషనే అవ్వాల. అప్పుడది దాఖలా అవుతాది. దాన్నిబట్టి లిఫ్టు చెయ్యొచ్చు."

"జాబితాలో రిలే యంత్రములు ఎన్ని?"

"రెండేనండి. ఒకటి ఇది."

సాయంత్రం నాలుగు గంటలకు త్రిమూర్తులు పరుగున జోగారావు ఇంటికి వచ్చాడు. చేతిలో తడి ఆరని ఉత్తర్వు.

"మాస్టారూ, లెగండి లెగండి. మిషను బాగుచెయ్యాల."

"ఏ మిషను?"

"మీదే. ఇదే."

జోగారావు కాపలాదారు వైపు చూసి, మళ్లీ త్రిమూర్తులు వైపు చూశాడు. "నేరం కదండీ?"

"ఇయ్యాల నేరం కాదు. సారు లిఫ్టులో ఉన్నారు. ఒక్క లోపం చాలు మాస్టారూ, ఆ ఎడం రెక్క ఏదో లేపీయండి, దాఖలా అయిపోద్ది, నాను ఎలిపోతాను."

జోగారావు కళ్లజోడు పెట్టుకుని ఉత్తర్వు మొత్తం చదివాడు. చదివి, వేలితో ఒక పంక్తి చూపించాడు. "సంపూర్ణముగా బాగుచేయవలెను అని రాసుంది."

"అది రాసే పద్ధతి మాస్టారూ!"

"నాకు చేసే పద్ధతి ఉంది. పదిహేడూ చెయ్యాల. మీ శిక్షకుడుగారు పెట్టిన పద్దెనిమిదోది కూడా."

ఆయన మూత ఎత్తాడు. చుట్టి ఉంచిన కాయిలు, ఈ నెలల్లో ఎక్కడెక్కడో వెతికి సంపాదించిన రెండు బల్బులు తెచ్చాడు. కాంటాక్టులను ఒక్కొక్కటే సన్నని కాగితపు పట్టీతో తుడిచాడు, పలికించాడు, విన్నాడు, తల ఊపాడు. త్రిమూర్తులు గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరిగాడు. ఎండ కిందికి దిగేసరికి ఎనిమిది లోపాలు తీరాయి. జోగారావు పనిముట్లు సంచీలో సర్దేశాడు.

"ఏటి మాస్టారూ, ఆపీసినారు?"

"దీపం వెలుతుర్లో కాంటాక్టు సరిగ్గా అవుపించదు. పొద్దున్న కూర్చుంతాను."

ఉప సంచాలకులు ఆ రాత్రి లిఫ్టులోనే పడుకున్నారు. తలగడ పట్టలేదు, దుప్పటి పట్టింది.

మర్నాడు పది గంటలకు పద్దెనిమిదో లోపం పోయింది. జోగారావు అట్టముక్క మీద ప్రతి అంకె ఎదుటా గీత పెట్టి, మూత దించి, స్విచ్చి నొక్కాడు. గొడుగులన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అంకెలన్నీ గరగర తిరిగి సున్నాల దగ్గర నిలబడ్డాయి. కాపలాదారు తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

త్రిమూర్తులు ఫారం తీశాడు. "ఇంక ఒక్కటే. 'పూర్తి ఆట యొకటి ఆడి, ముగిసిన సమయమును నమోదు చేయవలెను.' ఆడీండి మాస్టారూ బేగి."

"నాకు బాగుచెయ్యడమే వచ్చు. ఆడ్డం రాదు."

"నేనాడీనా?"

"ధ్రువీకరించేవాడు ఆడకూడదని కిందే రాసుందండి," అన్నాడు జోగారావు. ఆయన ఫారాలు కూడా ఉన్నది ఉన్నట్టు చదువుతాడు. తర్వాత వంటగదివైపు తిరిగి, "ఒలే వరాలూ, రా," అన్నాడు.

వరహాలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. కుడిచేతిలో చూపుడువేలు, ఎడమచేతిలో నడిమివేలు. ఆనాటికి పనిచేస్తున్నవి ఆ రెండే. వాటిని రెండు బొత్తాల మీద ఆనించింది. ఒకసారి మెల్లగా నొక్కింది. రెక్కలు లేచాయి, దిగాయి. స్ప్రింగును అరచేత్తో లాగి వదిలింది.

బంతి పైకి పోయింది, గొడుగును తాకింది, గంటను తాకింది, వంకర తిరిగి కిందికి దిగింది. కుడి రెక్క లేచింది. బంతి మళ్లీ పైకి పోయింది. ఆమె తొందరపడలేదు. బంతి రెక్క మీదికి దొర్లి చివరిదాకా వచ్చేవరకు ఆగి, అప్పుడు నొక్కుతోంది. వచ్చిన బంతి వచ్చినట్టే పోతోంది. పోయిన బంతి ఆమె కళ్లు చూసిన చోటికే పోతోంది. వందలు తిరిగాయి, వేలు తిరిగాయి. పెట్టెలోపల రిలేలు టకటకమని పలుకుతున్నాయి. జోగారావు కళ్లు మూసుకుని వింటున్నాడు. ఒక్కటీ తడబడటం లేదు.

పావుగంట గడిచింది. త్రిమూర్తులు గడియారం చూసుకున్నాడు. అరగంట గడిచింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, ఆ బంతి ఒక్కసారి వదిలీగలరా? సారు నిన్నట్నుంచి..."

"ఎలా వదుల్తాను బాబూ? పడట్లేదు కదా."

"మీరు నొక్కడం మానేస్తే పడిపోద్దండి!"

"పూర్తి ఆట ఆడమని రాసుందన్నారు కదా," అన్నాడు జోగారావు, కళ్లు తెరవకుండానే. "మానీడం ఆటెలాగవుతాదండి?"

త్రిమూర్తులు 'ముగిసిన సమయము' అన్న ఖాళీ గడి మీద కలం ఆనించి అలాగే కూర్చున్నాడు. కాపలాదారు వెళ్లి అందరికీ టీ తెచ్చాడు. త్రిమూర్తులు జేబులో ఫోను మోగింది. అతను ఉలిక్కిపడి లేచి, చెవికి ఆనించుకుని, రెండు నిమిషాలు "అలాగేనండి" అని మాత్రమే అని, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా... సారు లిఫ్టులోంచి అడుగుతున్నారు. ఎన్నో బంతి?"

వరహాలమ్మ తల తిప్పలేదు. ఎడమ రెక్క లేచింది; బంతి గంట వైపు పోయింది.

"మొదటిదే అని చెప్పండి," అంది.